లెక్కల శాఖ నుంచి విశ్వవిద్యాలయం దాకా: సర్ అక్బర్ హైదరీ

లెక్కలు రాసే చదువంటే మన ఇళ్లలో ఇప్పటికీ చిన్నచూపే. డాక్టరు, ఇంజనీరు సీటు రానివాడే బీకాంలో చేరతాడని పెద్దలు అనేస్తుంటారు. ఉర్దూ మీడియంలో చదివిన మా జహీరాబాద్ పిల్లలైతే కామర్సు, కంప్యూటరు, కెమిస్ట్రీ అన్న పేర్లు వినగానే ఇవి మనకు అందేవి కావని వెనక్కి తగ్గుతారు. అలాంటి పిల్లలు, వారి తల్లిదండ్రులు సర్ అక్బర్ హైదరీ జీవితాన్ని తెలుసుకోవాలని మేము కోరుకుంటాం.

ముహమ్మద్ అక్బర్ నజర్ అలీ హైదరీ 1869 నవంబరు 8న బొంబాయిలో ఒక వర్తక కుటుంబంలో పుట్టారు. అక్కడి సెయింట్ జేవియర్స్ కళాశాలలో చదివారు. ఇరవై ఏళ్లయినా నిండకముందే, 1888లో, బ్రిటిష్ ఇండియా ఆర్థిక శాఖలో ఉద్యోగం సంపాదించారు. తరువాత పలు నగరాల ఖజానా లెక్కలు పరిశీలిస్తూ అనుభవం గడించారు. నిజాం ప్రభుత్వం ఆయనను 1905లో అకౌంటెంట్ జనరల్‌గా హైదరాబాద్‌కు పిలిపించుకుంది. మూడేళ్లకే, 1908లో, మూసీ వరద వచ్చింది. ఆ వరద బాధితులకు చేసిన సేవకు గాను ఆయన భార్య ఆమినా హైదరీకి కైసరె హింద్ పతకం లభించింది.

1911లో హైదరీ హోం కార్యదర్శి అయ్యారు. విద్యాశాఖ కూడా ఆయన చేతి కిందికే వచ్చింది. రాజ్యంలో బడులున్నాయి, కళాశాలలూ ఉన్నాయి. అయితే పై చదువంతా ఇంగ్లీషులోనే. పిల్లవాడి శక్తిలో సగం భాష నేర్వడానికే ఖర్చయిపోతుంటే విషయం తలకెక్కేదెప్పుడు? ఆదాయ వ్యయాలు లెక్కగట్టే మనిషి కనుక ఈ నష్టం ఆయన కంటబడింది. 1917లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఆయన ఒక వినతిపత్రం సమర్పించారు. ఉర్దూ బోధనా భాషగా, ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశంగా ఉండే విశ్వవిద్యాలయం కావాలన్నదే దాని సారాంశం. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఫర్మానా వెలువడింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడగా, 1919లో తరగతులు మొదలయ్యాయి.

భవనం కట్టించడం సులువు, పుస్తకాలు పుట్టించడమే కష్టం. గణితానికి, రసాయన శాస్త్రానికి, భౌతిక శాస్త్రానికి ఉర్దూలో పాఠ్యపుస్తకాలు ఎక్కడున్నాయి? అందుకే తరగతుల కంటే ముందే దారుల్ తర్జుమా, అంటే అనువాద విభాగం, తెరిచారు. మౌల్వీ అబ్దుల్ హక్ దాని బాధ్యత తీసుకున్నారు. విజ్ఞాన శాస్త్రం తెలిసినవారినీ భాషా పండితులనూ ఒకచోట కూర్చోబెట్టి, ఒక్కొక్క పారిభాషిక పదాన్ని చర్చించి నిర్ణయించారు. వందలాది గ్రంథాలు ఉర్దూలోకి వచ్చాయి. రవీంద్రనాథ్ ఠాగూర్ వంటివారు కూడా ఈ ప్రయత్నాన్ని హర్షించారు.

1921లో హైదరీ ఆర్థిక మంత్రి అయ్యారు. ఏటేటా డబ్బు అడుక్కునే అవస్థ తప్పించి, ప్రతి శాఖకూ మూడేళ్లకు సరిపడా మొత్తం ముందే కేటాయించే పద్ధతి పెట్టారు. దానితో అధికారులకు ముందుచూపు అలవడింది. 1930లో ప్రైవేటు కంపెనీ చేతిలోని రైల్వేను ప్రభుత్వం కొనేసింది. అంతకుముందు ఏడాదే పరిశ్రమలకు పెట్టుబడి సమకూర్చే ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ ఏర్పడింది. ఆ నిధి భాగస్వామ్యంతోనే 1942లో హైదరాబాద్ ఆల్విన్ సంస్థ పుట్టింది. అదే ఆల్విన్ 1980లలో జపాన్ వారి నిస్సాన్‌తో కలిసి మా జహీరాబాద్‌లో లారీల కర్మాగారం పెట్టింది. తరువాత అది మహీంద్రా వారి చేతికి వెళ్లింది. ఎప్పుడో ఎవరో పద్దు పుస్తకంలో రాసిన అంకె, అర్ధశతాబ్దం తరువాత మా ఊరి వాళ్ల ఇళ్లలో పొయ్యి వెలిగించింది.

1937లో ఆయన సదరె ఆజం, అంటే ప్రధానమంత్రి, అయ్యారు. ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైంది ఆయన హయాంలోనే. ఆ కాలానికి మరో వైపు కూడా ఉంది, దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. 1938లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌ను నిషేధించారు. అదే ఏడాది వందేమాతరం పాడిన విద్యార్థులను వందల సంఖ్యలో కళాశాలల నుంచి తొలగించారు. వారిలో ఒకరైన పి.వి. నరసింహారావు నాగపూర్ వెళ్లి చదువుకోవలసి వచ్చింది. పైగా రాజ్యంలో ఎక్కువమంది తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడేవారు. ఇంటి భాషలో చదువు అన్న మంచి సూత్రం వారి ఇంటి గుమ్మం దాకా రాలేదు. 1948 తరువాత ఉస్మానియాలో ఉర్దూ బోధన కూడా ఆగిపోయింది.

1941లో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో చేరడానికి ఢిల్లీ వెళ్లిన హైదరీ, 1942 జనవరిలో అక్కడే కన్నుమూశారు. మరుసటి ఏడాది ఉస్మానియాలో కెమికల్ టెక్నాలజీ విభాగం ఏర్పడింది. 1944లో హైదరాబాద్ ప్రభుత్వం శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనా ప్రయోగశాల స్థాపించింది. నేటి భారతీయ రసాయన సాంకేతిక సంస్థకు మూలం అదే.

దివ్య ఖుర్‌ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు అప్పు లావాదేవీలను రాసిపెట్టుకోవడం గురించినదేనని, రాసేవాడు న్యాయంగా రాయాలని అందులో ఆదేశం ఉందని మదర్సాలో చదివినవారందరికీ తెలుసు. కనుక హిసాబు రాయడం చిన్న పని ఎలా అవుతుంది? అది అమానతు. అదే పని నేడు కంప్యూటరు మీద జరుగుతోంది. ఇక చక్కెర మిల్లు నుంచి పటాన్‌చెరు మందుల కర్మాగారం దాకా ఎక్కడికి వెళ్లినా రసాయనం తెలిసినవారు కావాలి, లెక్క తెలిసినవారు కావాలి.

తల్లిదండ్రులకు మా మనవి ఇదే. పిల్లలు ఈ కోర్సుల్లో చేరతామంటే కాదనకండి. మొదటి సంవత్సరం ఇంగ్లీషు పదాలు భయపెడతాయి. అధ్యాపకులు ఆ పదాల అర్థాన్ని ఉర్దూలోనో తెలుగులోనో విడమరచి చెబితే ఆ భయం పోతుంది. హైదరీ నూరేళ్ల కిందట పట్టుకున్న సూత్రం అదే. అది ఏ ఒక్క భాష వారి సొత్తూ కాకుండా చూసుకోవలసిన బాధ్యత మనది.