మహలఖాబాయి చందా

సంగీతాన్ని వృత్తిగా స్వీకరించిన వారిని పేర్కొనడానికి తెలుగులో ఎన్నో పదాలున్నాయి. గాత్రంతో శ్రోతలను అలరించేవాడు గాయకుడు. వీణను పలికించేవాడు వైణికుడు, వేణువు ఊదేవాడు వైణవికుడు, మృదంగం వాయించేవాడు మార్దంగికుడు. పాటను తానే రచించి, తానే స్వరపరచి పాడగలవాడు వాగ్గేయకారుడు. చేత చిడతలు పట్టి, కాలికి గజ్జె కట్టి హరికథ చెప్పేవాడు హరిదాసు. తెలంగాణ పల్లెలలో మల్లన్న, బీరప్పల కథలను గానం చేసేవారు ఒగ్గు కళాకారులు. ఈ పేర్లన్నీ ఆయా కళాకారులు నేర్చిన విద్యను తెలుపుతాయి. కాని తరతరాలుగా ఆటపాటలతో జీవించిన స్త్రీల విషయంలో లోకం విద్యను విడిచి, పుట్టుకను చూసి పేరు పెట్టింది. అటువంటి పేరును మోస్తూనే తన ప్రతిభతో దానిని అధిగమించిన హైదరాబాదు కళాకారిణి మహలఖాబాయి చందా.

ఆమె 1768లో ఔరంగాబాదులో జన్మించింది. తల్లి రాజ్ కున్వర్. తల్లి తరపు వారిది గుజరాత్ ప్రాంతం. కుటుంబ పెద్ద ఇల్లు విడిచిపోగా నిరాశ్రయులైన తల్లీపిల్లలను భగతియాలు చేరదీశారు. ఊరూరా తిరుగుతూ ఆటపాటలను ప్రదర్శించి పొట్టపోసుకునే వారికి భగతియాలని పేరు. వారి నీడలోనే ఆ ఇంటి ఆడపిల్లలు సంగీత నృత్యాలు అభ్యసించారు. క్రమంగా దక్కనుకు చేరి, నిజాం కొలువులోని ప్రముఖుల ఆదరణ పొందారు. చందాను ఆమె దగ్గరి బంధువైన మెహతాబ్ పెంచుకొన్నది. మెహతాబ్‌కు నాటి ప్రధానమంత్రి రుక్నుద్దౌలా ఆశ్రయం ఉండేది. అందువల్ల ఆ బాలికకు గొప్ప గ్రంథాలు, గొప్ప గురువులు అందుబాటులోకి వచ్చారు.

ఆమె సంగీత గురువులలో ముఖ్యుడు ఖుష్‌హాల్ ఖాన్ ‘అనూప్’. ఆయన కలావంత్ వంశీయుడు. మొగలు ఆస్థానంలో కలావంత్ అనేది ఉన్నత శ్రేణి సంగీత విద్వాంసులకు దక్కే గౌరవనామం. కోస్తా ఆంధ్రలో కలావంతులు అనే మాట ఆటపాటలు వంశవృత్తిగా గల స్త్రీలకు కులనామంగా స్థిరపడింది. కళ కలవారు అనే చక్కని అర్థం ఉన్నా, కాలక్రమంలో ఆ మాటను చులకనగా పలికిన వారే ఎక్కువ. ఒకే మాట ఒకచోట కిరీటం, మరొకచోట బరువు అయింది.

చందా సంగీత నృత్యాలతోపాటు గుర్రపుస్వారీ, విలువిద్యలలోనూ ఆరితేరింది. రెండవ అసఫ్ జా అయిన నిజాం అలీ ఖాన్ యుద్ధయాత్రలకు వెళ్లినప్పుడు ఆమె పురుషవేషంలో ఆయన వెంట నడిచింది. ఆమె ప్రతిభకు మెచ్చిన నిజాం మహలఖాబాయి అనే బిరుదునిచ్చాడు. మహలఖా అంటే చంద్రముఖి. జాగీరులు ఇచ్చి, ఆమెను ఆస్థాన ఉమ్రావులలో ఒకరిగా గౌరవించాడు. నాడు పురుషులకే పరిమితమైన ఆ హోదా ఒక కళాకారిణికి దక్కడం అసాధారణ విషయం.

చందా అనే కలంపేరుతో ఆమె ఉర్దూలో గజళ్లు రచించింది. 125 గజళ్లతో 1798లో ఆమె దివాన్, అనగా కవితా సంపుటం, సిద్ధమైంది. ఆమె గజళ్లలో సాధారణంగా ఐదేసి షేర్లు ఉంటాయి. ముగింపులో హజ్రత్ అలీ పట్ల భక్తి వ్యక్తమవుతుంది. 1799లో ఒక సభలో ఆమె ఆ దివాన్ ప్రతిని జాన్ మాల్కమ్ అనే ఆంగ్లేయ అధికారికి బహూకరించింది. ఆ ప్రతి నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఉర్దూలో దివాన్ కూర్చిన తొలి మహిళ ఆమెయేనని చాలాకాలం భావించారు. దక్కనుకే చెందిన లుత్ఫున్నిసా ఇమ్తియాజ్ దివాన్ అంతకు కొంచెం ముందుదని తరువాత తెలిసింది. అయినా మహలఖాబాయి కీర్తికి లోటు రాలేదు. తన గజళ్లను తానే గానం చేసిన ఆమెను తెలుగు సంప్రదాయంలో చెప్పాలంటే వాగ్గేయకారులతో పోల్చవచ్చు.

మహలఖాబాయి వివాహం చేసుకోలేదు. ఎందరో బాలికలను చేరదీసి సంగీత నృత్యాలలో శిక్షణ ఇప్పించింది. చరిత్రపై మక్కువతో గులాం హుసేన్ ఖాన్ జౌహర్ చేత ఒక చరిత్ర గ్రంథాన్ని రాయించింది. 1792లో మౌలాలి కొండ దిగువన తల్లికి సమాధి మందిరం కట్టించి, చుట్టూ తోట వేయించింది. 1824లో మరణించిన తరువాత ఆమెను తల్లి పక్కనే ఖననం చేశారు. తన సిరిసంపదలను దిక్కులేని స్త్రీలకు చెందేటట్లు ఆమె ఏర్పాటు చేసింది.

ఆమె తరువాతి కాలం ఆమె వంటి కళాకారిణులకు అనుకూలించలేదు. ఉత్తరాదిలోను, హైదరాబాదులోను వారిని తవాయిఫ్ అని పిలిచేవారు. అరబ్బీలో ‘తాయిఫా’ అంటే బృందం, దాని బహువచనమే తవాయిఫ్. ఆ మూలార్థంలో నింద ఏదీ లేదు. ఆంగ్లేయుల పాలనలో ‘నాచ్ గర్ల్’ అనే మాట వ్యాపించి, గాయని, నర్తకి, కవయిత్రి అనే భేదాలను తుడిచివేసింది. 1890 దశకంలో ఆటపాటల మేజువాణీలకు వ్యతిరేకంగా ఉద్యమం సాగింది. స్త్రీలను దోపిడి నుంచి కాపాడాలన్న ఆశయం మంచిదే. కాని ఆ వేడిలో తరాలుగా కళను కాపాడుకొచ్చిన స్త్రీలు జీవనోపాధిని, గౌరవాన్ని కోల్పోయారు. వారి పేర్లు మరుగున పడినా, వారి పాటలు, అభినయం ఇతరుల చేతికి చేరి సభలలో మన్ననలు పొందాయి.

నేడు హైదరాబాదు పడమటి దిక్కున, 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్‌తో హైటెక్ సిటీ వెలసింది. అక్కడికి సమీపంలోని శిల్పారామంలోను, శిల్పకళావేదికలోను పాడే, ఆడే స్త్రీలను విదుషీమణులని, కళాకారిణులని సగౌరవంగా పిలుస్తున్నారు. నగరం తూర్పున మౌలాలి కొండ చెంత ఉన్న సమాధికి మాత్రం సందర్శకులు తక్కువ. చాలాకాలం శిథిలావస్థలో ఉన్న ఆ కట్టడాన్ని 2010, 2011 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వ ఆర్థిక సహాయంతో పునరుద్ధరించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం నెలకొన్న అడిక్‌మెట్ ప్రాంతం ఒకప్పుడు ఆమె జాగీరే. అక్కడ చదివే వేలాది విద్యార్థులలో ఈ సంగతి తెలిసినవారు అరుదు.

మనిషిని పిలిచే మాటలో సమాజపు చూపు దాగి ఉంటుంది. భగతియాల నీడలో పెరిగిన ఇంట పుట్టి, తవాయిఫ్‌గా జీవించి, ఉమ్రావుగా గౌరవం పొంది, కవయిత్రిగా నిలిచిన మహలఖాబాయి జీవితం ఈ సత్యాన్ని చాటుతుంది. కళాకారులను వారి కులాన్ని బట్టి గాక, సాధించిన విద్యను బట్టి సంబోధించడం నేర్చిన నాడే ఆమె వంటి వారికి మనం నిజమైన నివాళి అర్పించినట్లవుతుంది.