గుంతలో దొరికిన పాఠం

రోగిని చూడగానే ఏం పని చేస్తారని డాక్టర్ తప్పక అడగాలి. వైద్యులకు ఈ అలవాటు నేర్పిన మనిషి ఇటలీకి చెందిన బెర్నార్డినో రామజ్జిని.

1633లో కార్పి పట్టణంలో పుట్టారు. 1659లో పార్మాలో వైద్య పట్టా పొందారు. రోమ్ వైపు ప్రాక్టీసు పెడితే మలేరియా పట్టుకుంది. సొంతూరికి తిరిగొచ్చి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. 1682లో మొదేనాలో ప్రొఫెసర్ అయ్యారు.

అక్కడ ఇళ్ల మరుగుదొడ్డి గుంతలను మూడేళ్లకోసారి ఖాళీ చేయించేవారు. రామజ్జిని ఇంట్లో ఆ పనికి దిగిన కూలీ ఆదరాబాదరాగా కానిస్తున్నాడు. ఎందుకంత తొందర అని అడిగారాయన. నాలుగు గంటలు దాటి లోపలుంటే చూపు పోతుందని అతను చెప్పాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఊళ్లో అడుక్కునే అంధుల్లో ఇదే పని చేసినవాళ్లూ కనిపించారు. ముఖానికి పారదర్శకమైన తొడుగు కట్టుకోవాలని, లోపల తక్కువసేపే ఉండాలని రామజ్జిని సూచించారు.

ఆ తర్వాత రకరకాల పనివాళ్ల దుకాణాలకు స్వయంగా వెళ్లారు. 1700లో వృత్తి రోగాలపై పుస్తకం తెచ్చారు. పెద్ద వయసులో చూపు మందగించినా, 1713లో మరో 12 అధ్యాయాలు చేర్చారు. మరుసటి ఏడాది పాడువాలో కన్నుమూశారు.

మనకేంటి?

ఆ గుంతలో కళ్లు మండించిన హైడ్రోజన్ సల్ఫైడ్ నేటి మురుగు, రసాయన ట్యాంకుల్లోనూ ఉంటుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. అందుకే శిక్షణలో ముందు గ్యాస్ డిటెక్టర్ వాడటం నేర్పుతారు. బయట ఒక మనిషి కాపలా ఉండాలి. లోపల ఎవరైనా పడిపోతే సరైన పరికరాలు లేకుండా వెనకే దూకకూడదు.

2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం శిక్షణ, పరికరాలు, సమాచారం ఇవ్వాల్సింది యాజమాన్యమే. పరవాడ, దుండిగల్‌లలో ఇలాంటి వ్యర్థాల కేంద్రాలున్నాయి. దుత్తలూరు నుంచి డిగ్రీ, ఐటీఐ పట్టుకుని నాయుడుపేటకో విశాఖకో బస్సెక్కే మిత్రులారా, ఆఫర్ వచ్చినప్పుడు జీతంతో పాటు ఈ మూడింటి గురించీ అడగండి. అది మొహమాటపడాల్సిన విషయం కాదు, మీ హక్కు.