మరియా మాంటిసోరి

ఇటలీ దేశమున 1870లో జన్మించి, వైద్యవిద్యలో పట్టము పొందిన మరియా మాంటిసోరి 1907లో రోము నగరమున, కూలివాండ్ర పేటయగు శాన్ లొరెంజోలో బాలగృహమును తెరచెను. తలిదండ్రులు పనికి పోగా పసివారు గోడలు పాడుచేయుచున్నారని విసిగిన ఇండ్ల యజమానులే ఆ గది నిచ్చిరి.

ఆమె పద్ధతిలో ప్రతి ఆటవస్తువును ఒక్కటి చొప్పుననే యుంచుదురు. ఒకరు దానితో పనిచేయుచుండ వేరొకరు వేచియుండవలెను. ఇది సులభము కాదు. మా కాశిబుగ్గలో ఒక్క బంతికై నలుగురు పిల్లలు పెనుగులాడుట నేను చూచుచునే యుందును. పసివారిలో ఓర్పెంత, తోటివారియెడ ఆదరమెంత అని తెలిసికొనుటకు ఆమె పరీక్షలు పెట్టలేదు. ఉపాధ్యాయురాలు నడుమ కలుగజేసికొనక, దినదినము కనిపెట్టి వ్రాసికొనవలెనని బోధించెను.

1939లో ఆమె మద్రాసులోని అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నొసగెను. మరుసటి యేడు ఇటలీ యుద్ధమున దిగగా ఆంగ్లప్రభుత్వము ఆమె కుమారుని నిర్బంధించి, ఆమె డెబ్బదవ జన్మదినమున విడిచిపెట్టెను. ఆమె 1952లో హాలెండు దేశమున మరణించెను.