అలెగ్జాండరు - బుసెఫలసు

గ్రీసు దేశమునకు ఉత్తరమున మాసిడోనియా యను రాజ్యముండెను. దానిని ఫిలిప్పు అను రాజు పాలించుచుండెను. క్రీ.పూ. 356వ సంవత్సరమున, రాజధానియైన పెల్లా నగరమున, ఆయనకు అలెగ్జాండరు జన్మించెను. లోకమును జయింపబూనిన ఈ వీరుని తొలి విజయము యుద్ధభూమిలో లభించినది కాదు. ఒక బెదరుగుఱ్ఱము నెక్కుటలో లభించినది. ఆ వృత్తాంతమును ప్లూటార్కు అను గ్రీకు రచయిత తన గ్రంథమున వివరించినాడు.

అలెగ్జాండరు బాలుడై యున్నప్పుడు, థెస్సలీ దేశమునుండి ఫిలోనికసు అనువాడు ఒక మేలుజాతి గుఱ్ఱమును తెచ్చి 13 టాలెంట్లకు అమ్మజూపెను. ఒక టాలెంటనగా సుమారు 26 కిలోల వెండి. ఆ గుఱ్ఱము పేరు బుసెఫలసు. ఎద్దుతల గలదియని దాని అర్థము. రాజు పరివారముతో మైదానమునకు పోయి దానిని పరీక్షింపజేసెను. ఆ కాలపు గ్రీకులు రికాబుల నెఱుగరు. రౌతు నేలనుండి ఒక్క దుముకున గుఱ్ఱము వీపుపైకి ఎగురవలసి యుండెను. కావున నిలుకడలేని గుఱ్ఱము నెక్కుట మిక్కిలి కష్టము. బుసెఫలసు ఎవ్వరిని దరిచేరనీయక, ముందుకాళ్ళెత్తి లేచుచు, అదలించినకొలది మఱింత చెలరేగెను. ఫిలిప్పు విసిగి, దానిని తీసికొనిపొమ్మని ఆజ్ఞాపించెను.

అలెగ్జాండరు అది చూచి, ఓర్పును నేర్పును లేక ఎంత మంచి గుఱ్ఱమును పోగొట్టుకొనుచున్నారని వగచెను. పెద్దలకంటె తనకెక్కువ తెలిసినట్లు మాటాడవలదని తండ్రి మందలించెను. తాను దానిని లొంగదీయగలననియు, చేతగానిచో దాని వెల తానే చెల్లింతుననియు బాలుడు బదులుచెప్పెను. అందఱును నవ్విరి.

కాని అతడు అప్పటికే ఒక విషయమును గమనించియుండెను. గుఱ్ఱమునకు ఎదుట దాని నీడయే కదలుచుండెను. ఆ నీడను చూచి అది బెదరుచుండెను. అతడు పగ్గములు పట్టుకొని దాని మొగమును సూర్యునివైపు త్రిప్పెను. నీడ వెనుకకు పోయెను. పిమ్మట దానితోపాటు కొంతదూరము నడచుచు మెల్లగా నిమిరెను. దాని రొప్పు తగ్గువఱకును వేచియుండి, పైవస్త్రమును చప్పుడు కాకుండ జారవిడిచి, ఒక్క ఎగురున వీపుపై కూర్చుండెను. దానిని కొట్టలేదు, కళ్ళెమును గట్టిగా లాగలేదు. భయము తీఱి అది పరుగునకు ఉవ్విళ్ళూరుచున్నదని తెలిసిన తరువాతనే పగ్గములు వదలెను. చూచువారందఱును ఊపిరి బిగబట్టిరి. అతడు క్షేమముగా మఱలిరాగా జయధ్వానములు చెలరేగెను. ఫిలిప్పు ఆనందబాష్పములు రాల్చి కుమారుని శిరము ముద్దాడెను.

గుఱ్ఱము అపాయమును శంకించినంతనే పాఱిపోవు జంతువు. దాని కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే చుట్టును కదలు వస్తువులెల్ల దాని కంటబడును. బెదరిన గుఱ్ఱమును కొట్టినచో, ఆ నొప్పికి తాను చూచిన వస్తువే కారణమని అది తలచునని, ఆ శతాబ్దమువాడే యైన జెనొఫొను అశ్వశిక్షణమును గూర్చిన తన గ్రంథమున బోధించెను. కోపముతో గుఱ్ఱమును సమీపింపరాదనుట ఆయన ముఖ్యసూత్రము.

ఈ సంఘటనవలన ఫిలిప్పు కూడ ఒక పాఠము నేర్చెను. తన కుమారుడును బలవంతమునకు లొంగక, యుక్తికి మాత్రమే లోబడు స్వభావము గలవాడని గ్రహించి, క్రీ.పూ. 343లో అరిస్టాటిలును అతనికి గురువుగా నియమించెను.

క్రీ.పూ. 336లో అలెగ్జాండరు రాజయ్యెను. రెండేండ్లకు ఆసియాలో ప్రవేశించి, 331లో గాగమేలా యుద్ధమున పారసీక చక్రవర్తి డెరయసును ఓడించెను. బుసెఫలసు ముసలిదగుచుండ, సేనలను తీర్చునప్పుడు వేఱొక గుఱ్ఱము నెక్కి, పోరు మొదలగునప్పుడు మాత్రమే దాని నెక్కుచుండెను.

ఇంతటి వీరుడును తన కోపమును మాత్రము గెలువలేకపోయెను. క్రీ.పూ. 328లో, నేటి సమర్ఖండు నగరమున జరిగిన విందులో మద్యపానమత్తుడై, తన్నధిక్షేపించిన క్లైటసు అను మిత్రుని ఈటెతో పొడిచి చంపెను. గ్రనికసు యుద్ధమున తన ప్రాణము కాపాడినవాడు ఆ క్లైటసే. మత్తు దిగిన పిదప అలెగ్జాండరు అన్నపానములు మాని కుమిలిపోయెను; కాని పోయిన ప్రాణము తిరిగి రాలేదు.

క్రీ.పూ. 326లో జీలము నదీతీరమున పోరసుతో యుద్ధము జరిగెను. ఆ యుద్ధానంతరము బుసెఫలసు మరణించెను. అలెగ్జాండరు ఆప్తమిత్రుని కోల్పోయినట్లు దుఃఖించి, ఆ తీరమున దాని పేర బుసెఫల యను నగరమును నిర్మించెను. క్రీ.పూ. 323లో, 33 ఏండ్లు నిండకుండగనే, ఆయన బాబిలోను నగరమున కన్నుమూసెను.

మూగజీవి భయమునకు కారణమును ఓర్పుతో వెదకిన నాడు ఆ బాలుడు అందఱి మెప్పును పొందెను. తన కోపమునకు పగ్గము వేయలేని నాడు ఆ చక్రవర్తి ప్రాణమిత్రుని పోగొట్టుకొనెను. ఇతరులను లొంగదీయుటకంటె తన్ను తాను లొంగదీసికొనుటయే కష్టతరమైన విజయము.