బుస్సీ దొర

ఏలూరు, రాజమహేంద్రవరము సీమల శిస్తు ఒకప్పుడు ఫ్రెంచివారి సైన్యమునకు జీతముగా పోయెనని మన బాలబాలికలలో కొందరే యెరుగుదురు. నాటి తెలుగువారు వారిని పరాసులనిరి. వారి ప్రాభవమును మన నేలపై నిలిపినవాడు బుస్సీ. ప్రబలరాజ్యము దూరదేశమున నెట్లు నిలుచును, ఏల కూలును అను ప్రశ్నకు అతని చరిత్రము చక్కని పాఠము గనుక దానిని సంగ్రహముగా నిచట వ్రాయుచున్నాము.

బుస్సీ ఫ్రాన్సుదేశమున సోయిస్సాన్ పట్టణ సమీపమున జన్మించి, యౌవనముననే ఫ్రెంచి వర్తకసంఘపు కొలువున తూర్పుదేశములకు వచ్చెను. అప్పుడు పుదుచ్చేరి గవర్నరు డూప్లే. 1739లో నాదిరుషా దండయాత్రతో ఢిల్లీ పాదుషాల బలము సన్నగిల్లెను. 1748లో నిజాముల్ ముల్కు మరణింపగా దక్కను సింహాసనమునకు వారసులు తమలో తాము పోరాడసాగిరి. ఇదియే యదనని డూప్లే తలచెను. 1750లో దుర్భేద్యమని పేరొందిన చెంజికోటను పట్టుకొని బుస్సీ కీర్తి గడించెను. మరుసటి యేడు సుమారు 300 మంది ఫ్రెంచి భటులను, 2,000 మంది సిపాయిలను వెంటబెట్టుకొని ముజఫరుజంగుతో దక్కనునకు బయలుదేరెను. త్రోవలో ముజఫరుజంగు హతుడు కాగా, కలత చెందక సలాబతుజంగును నవాబుగా నిలిపెను. అది మొదలు ఏడేండ్లు దక్కను దర్బారున అతని మాటకు ఎదురులేకుండెను.

సేనకు జీతములు కావలెను. అందులకై 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరము, చికాకోలు సర్కారులను సలాబతుజంగు వలన బుస్సీ పొందెను. బందరు అంతకుముందే ఫ్రెంచివారి వశమై యుండెను. ఈ విధముగా కృష్ణ, గోదావరుల నడిమి రైతు ఎన్నడును చూడని దేశపు రాజునకు బలమును సమకూర్చినవాడయ్యెను.

అయితే ఈ ప్రాభవము ఇతరుల కలహములపై నిలిచినది. 1757 జనవరిలో బుస్సీ విజయనగరప్రభువైన విజయరామరాజు పక్షము వహించి బొబ్బిలికోటను ముట్టడించెను. కోటలోని స్త్రీలు, బిడ్డలు శత్రువుల చేజిక్కకుండ స్వజనుల చేతనే ప్రాణములు విడిచిరి; వీరులు పోరాడి నేలకొరగిరి. కొలది దినములకే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును శిబిరముననే చంపి పగ తీర్చుకొనెను. బుస్సీకి జయము దక్కెను గాని మిత్రుడు దక్కలేదు. విజయరామరాజు తరువాత వచ్చిన ఆనందరాజు ఫ్రెంచివారిపై విముఖుడై ఆంగ్లేయులను రావించెను.

ఇంతలో పైనుండియే దెబ్బ తగిలెను. డూప్లేను 1754లోనే స్వదేశమువారు వెనుకకు పిలిచిరి. 1758లో వచ్చిన సేనాపతి లాలీ చెన్నపట్టణముపై దృష్టి నిలిపి బుస్సీని దక్కనునుండి రప్పించెను. అతని స్థానమున కాన్ఫ్లాన్సు నిలిచెను. ఆ సంవత్సరము డిసెంబరులో బంగాళమునుండి క్లైవు పంపిన కర్నల్ ఫోర్డు పిఠాపురసమీపమున చందుర్తికడ ఫ్రెంచివారి నోడించి, రాజమహేంద్రవరము, ఏలూరుల మీదుగా బందరు చేరి, 1759 ఏప్రిల్‌లో రాత్రివేళ కోటను పట్టెను. సాయముగా బయలుదేరిన ఫ్రెంచి ఓడలు వారము దినములు ఆలస్యముగా వచ్చెను. సలాబతుజంగు మరునెలలోనే గెలిచినవారితో సంధి చేసికొనెను. ఆ యేడే అమెరికాలోని క్విబెక్ పట్టణము కూడ ఫ్రెంచివారి చేజారినది. సముద్రము ఆంగ్లేయుల చేత నుండగా దూరమందలి కోటలు ఎంతకాలము నిలువగలవు?

1760లో వందవాసి యుద్ధమున బుస్సీ ఆంగ్లేయులకు చిక్కెను. పిమ్మట స్వదేశమునకు పోయెను. 1763 పారిసుసంధితో సర్కారులపై ఫ్రెంచివారి యాశ యుడిగెను. అరువదియేండ్లు దాటిన పిమ్మట 1783లో అతడు మరల సేనతో వచ్చి కడలూరికడ పోరాడెను గాని ఐరోపాలో సంధి కుదిరిన వార్త వచ్చుటచే యుద్ధమాగెను. 1785లో పుదుచ్చేరిలో మరణించెను. తెలుగునేల మీద ఫ్రెంచివారికి మిగిలిన యానాము కూడ 1954లో వారి పాలననుండి విడివడెను.

బుస్సీ ధైర్యమును, ఓర్పును, పరభాషీయుల దర్బారున మెలగిన నేర్పును మేము మెచ్చుకొందుము. బొబ్బిలి విషయమున మెచ్చుకొనజాలము. ఒక్కని సామర్థ్యముపై నిలిచిన ప్రాభవము అతనితోనే పోవును. స్వదేశపు ఆదరణ, సముద్రబలము, ప్రజల విశ్వాసము అను మూడును లేనిచోట ఫిరంగులెన్ని యున్నను ప్రయోజనము లేదు. ఫ్రెంచివారిని గెలిచిన ఆంగ్లేయులును ఆ మూడవదానిని సంపాదింపజాలక 1947లో పోయిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున వారు వేసిన విమానముల బాట మన తాడేపల్లిగూడెమున నేటికిని కానవచ్చును. వేసినవారి రాజ్యము మాత్రము లేదు.

1945 పిమ్మట లోకము అమెరికా, సోవియట్ రాజ్యముల యెదుట నిలిచెను. 1991లో సోవియట్ రాజ్యము విడిపోయెను. ఇప్పుడు చైనా బలము పెరుగుచుండగా, అమెరికా ప్రాభవ మెంతకాలము నిలుచునని పెద్దలు తర్కించుచున్నారు. మేము జోస్యము చెప్పము. ఆ రాజ్యమునకు ఎన్ని ఓడలున్నవని మాత్రమే గాక, దానిని నమ్మిన చిన్నదేశములకు ఏమి మేలు కలిగినదని కూడ విద్యార్థులు విచారింపవలెను. సర్కారులు చేతులు మారినప్పుడు మన రైతునకు శిస్తు తీసికొను దొర మారెనే గాని శిస్తు తప్పలేదు. అట్టివాని మేలు కోరని రాజ్యము కూలిన దినమున దాని కొరకు కన్నీరు విడుచువాడుండడు.