రంగుల నగరి - ఎర్నస్ట్ హాస్

న్యూయార్కు నగరంలో మూడవ ఎవెన్యూ మీదుగా, ఇనుప స్తంభాలపై ఒక రైలుమార్గం ఉండేది. 1955 లో మన్‌హటన్‌లో ఆ రైళ్ళు ఆగిపోయాయి. పిమ్మట ఆ కట్టడాన్నే కూల్చివేశారు. రైళ్ళు ఇంకా నడుస్తున్న రోజులలో, 1952 లో, ఆ వీధిలో కెమేరా పట్టుకొని తిరిగినవాడు ఎర్నస్ట్ హాస్. అక్కడ ఆయన తీసిన ప్రసిద్ధ వర్ణచిత్రం వీధిని సూటిగా చూపదు. అద్దంలో పడిన ప్రతిబింబంగా చూపుతుంది.

హాస్ 1921 లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జన్మించాడు. తండ్రి ప్రభుత్వంలో ఉన్నతోద్యోగి. హాస్ వైద్యవిద్యలో చేరాడు గాని, పూర్వీకులలో యూదులున్నారన్న కారణంచేత నాజీల పాలనలో ఆ చదువు మానుకోవలసి వచ్చింది. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, 1946 లో, సుమారు 10 కిలోల మార్జరిన్‌ను దొంగబజారులో మారకం వేసి ఒక రోలీఫ్లెక్స్ కెమేరా సంపాదించాడు. తిండికి కటకటలాడుతున్న వియన్నాలో ఆ కృత్రిమపు వెన్న ఎంత విలువైనదో ఊహించుకోవచ్చు.

యుద్ధఖైదీలు స్వదేశానికి తిరిగివస్తున్న దృశ్యాలతో ఆయనకు పేరు వచ్చింది. ఒక తల్లి తన కొడుకు ఫోటోను ఎత్తి చూపుతున్నది. వచ్చే సైనికుడు చిరునవ్వుతో ఆమెను దాటిపోతున్నాడు. ఇవన్నీ నలుపు తెలుపు చిత్రాలే. 1949 లో రాబర్ట్ కాపా ఆయనను మాగ్నమ్ సంస్థలోకి ఆహ్వానించాడు. ‘లైఫ్’ పత్రికవారు ఉద్యోగమిస్తామన్నా హాస్ స్వేచ్ఛ వదులుకోలేక అంగీకరించలేదు.

1951 లో అమెరికా చేరిన పిమ్మట ఆయన రంగులను ఆశ్రయించాడు. ఇది సాహసమే. కళాఖండమంటే నలుపు తెలుపులోనే ఉండాలనీ, రంగులు వ్యాపారప్రకటనలకు తగినవనీ పెద్దలు భావించే కాలమది. హాస్‌కు మాత్రం యుద్ధ సంవత్సరాలు బూడిదరంగులో గడిచిపోయినట్లు తోచింది. బ్రతుకు తిరిగి చిగురిస్తూ ఉంటే దానిని రంగులలోనే చూపదలచాడు.

ఆయన వాడినది కోడాక్రోమ్ స్లైడు ఫిల్ము. 1935 లో వెలువడిన ఈ ఫిల్ము పొరలలో అద్దకపు రంగులుండవు. కడిగేటప్పుడు ఒక్కొక్క పొరకు ఒక్కొక్క వర్ణాన్ని ఎక్కిస్తారు. అందుచేత దానిని సొంత చీకటిగదిలో కడుక్కోవడం సామాన్యులకు సాధ్యం కాదు. నెగెటివు ఉండదు; కెమేరాలో ఉన్న ఆ ముక్కే చివరకు చిత్రమవుతుంది. పైగా దాని వేగం ఆనాడు 10 మాత్రమే. చీకటి పడ్డా, మనుషులు పరుగెత్తినా చిత్రం చెదిరిపోయేది. హాస్ ఈ లోపాన్నే లొంగదీసుకొన్నాడు. షట్టరును కావాలనే నెమ్మదిగా తెరచి, కదలికను రంగుల చారలుగా సాగనిచ్చాడు. 1956 లో స్పెయిను దేశపు ఎద్దులపోరును ఆ విధంగానే తీశాడు. మందకొడి ఫిల్ము లేకుంటే ఆ చూపు ఆయనకు అబ్బేదా అన్నది సందేహమే.

1953 లో ‘లైఫ్’ పత్రిక ఆయన న్యూయార్కు చిత్రాలను 24 పుటలలో ప్రచురించింది. 1962 లో అక్కడి ఆధునిక కళా మ్యూజియం ఆయన వర్ణచిత్రాల ప్రదర్శన ఏర్పాటు చేసింది. 1971 లో వచ్చిన ‘ది క్రియేషన్’ గ్రంథం విశేషంగా అమ్ముడుపోయింది. అయినా 1976 లో అదే మ్యూజియంలో విలియం ఎగుల్‌స్టన్ ప్రదర్శన జరిగినప్పుడు, వర్ణచిత్రాలకు అదే తొలి గౌరవమన్నట్లు చాలామంది వ్రాశారు. పద్నాలుగేళ్ళలో అంతటి మరపు! హాస్‌కు జరిగిన ఈ అన్యాయం ఆయన జీవితకాలంలో తీరలేదు. 1986 లో హాసెల్‌బ్లాడ్ పురస్కారం లభించింది; ఆ సంవత్సరమే సెప్టెంబరు 12 న న్యూయార్కులో కన్నుమూశాడు. ఆయన తనకోసమే తీసి దాచుకొన్న నగరదృశ్యాలెన్నో 2011 లో గాని గ్రంథంగా వెలువడలేదు.

అప్పటికి కోడాక్రోమ్ కూడ లేదు. 2009 లో కోడక్ కంపెనీ దాని తయారీని నిలిపివేసింది. 2010 చివర, కాన్సస్ రాష్ట్రంలోని పార్సన్స్ అనే చిన్న ఊరిలో మిగిలిన ఆఖరి కార్యశాల ఆ ఫిల్ము స్వీకరించడం మానుకొన్నది. గడువులోగా కడిగించాలని దేశదేశాలనుంచి ఫిల్ము చుట్టలు ఆ ఊరికి వచ్చిపడ్డాయి.