రాధాకృష్ణపండితుడు – కళాశాలలో హిందూమతాధ్యయనము

బి. ఏ. తరగతులలో హిందూమతమును, తత్త్వమును, సంస్కృతిని పాఠ్యవిషయములుగా బోధింపవచ్చునా, బోధించినచో నే రీతిని బోధింపవలెననెడి ప్రశ్న మన దేశమున నేటికిని తెగలేదు. ఈ ప్రశ్నతో జీవితమంతయు పెనగిన తెలుగువాడు సర్వేపల్లి రాధాకృష్ణపండితుడు. ఆయనను రాష్ట్రపతిగా నెరుగనివారు లేరు. విద్యార్థిగా నెరిగినవారు తక్కువ. కావున ఆ కథనే యిచట ముచ్చటింపదలచితిమి.

ఆయన పూర్వులు నెల్లూరు మండలమందలి సర్వేపల్లి గ్రామమువారు. ఆయన 1888 సెప్టెంబరు 5వ తేదీన తిరుత్తణిలో నొక పేద బ్రాహ్మణకుటుంబమున జన్మించెను. చాలకాలము చిత్తూరు మండలమున నుండిన యా పట్టణము 1960లో మద్రాసు రాష్ట్రమున చేరినది. ఇంట వినబడునది తెలుగు, వాకిట కనబడునది సుబ్రహ్మణ్యస్వామి కొండ. అయినను ఆయన పెద్దచదువులు చదివినవన్నియు క్రైస్తవసంఘములవారి విద్యాలయములే: తిరుపతిలో లూథరను మిషను పాఠశాల, వేలూరులో వూర్హీసు కళాశాల, చెన్నపురిలో క్రైస్తవ కళాశాల.

తత్త్వశాస్త్రమును ఆయన కోరి యెన్నుకొనలేదు. అదే కళాశాలలో పట్టము పొందిన బంధువొకడు తాను చదివి ముగించిన పుస్తకముల నాయనకిచ్చెను. వేరు పుస్తకములు కొనుటకు డబ్బులేని విద్యార్థికి అంతటితో శాస్త్రనిర్ణయము జరిగిపోయెను. స్టౌటు మనశ్శాస్త్రము, వెల్టను తర్కశాస్త్రము, మెకంజీ నీతిశాస్త్రము అను నీ మూడును బ్రిటిషు పండితుల రచనలే. తన తాతతండ్రులు నమ్మిన మతమును గూర్చి ఆ తరగతిలో ఆయనకు ముఖ్యముగా వినవచ్చినది విమర్శ. జగత్తు మిథ్యయని చెప్పు వేదాంతమున నీతికి తావెక్కడిదని మిషనరీలు ప్రశ్నించుచుండిరి. ఆ పోటు ఆయనను కలవరపెట్టెను. స్వమతగ్రంథములను విప్పించినదియు నదియే.

ఎం. ఏ. పట్టమునకై, వేదాంతమందలి నీతిని గూర్చి వ్రాసిన వ్యాసము 1908లో అచ్చయినది. అప్పటికి ఆయనకు ఇరువదియేండ్లు. ఆ వ్యాసము మిషనరీల ఆక్షేపణకే సమాధానము. దానిని మెచ్చుకొనిన ఆచార్యుడు హాగ్ దొర తానును మిషనరీయే! తన పక్షమువారి వాదమును ఖండించిన శిష్యుని ప్రశంసించిన యా గురువునకును ఈ కథలో భాగమున్నదని మా యభిప్రాయము.

1909లో చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకుడై, ఆయన ఉపనిషత్తులను, గీతను, బ్రహ్మసూత్రభాష్యములను శ్రద్ధగా పరిశీలించెను. 1918లో మైసూరునకును, 1921లో కలకత్తాకును ఆచార్యుడుగా వెళ్లెను. భారతీయతత్త్వశాస్త్రమును గూర్చిన ఆయన రెండు సంపుటములు 1923లోను 1927లోను లండనులో వెలువడెను. దాసుగుప్తుని మహాగ్రంథముయొక్క మొదటి సంపుటము 1922లోనే వచ్చియుండెను గాని, అది పండితుల సొత్తు. ఉపన్యాసధోరణిలో సాగు రాధాకృష్ణుని వచనము పట్టపరీక్షకు చదువు విద్యార్థికి సైతము అందినది. తన వ్రాతలను వాడుకొనిరని జదునాథసిన్హా 1929లో వేసిన దావాయు, ఆయన ఎదురుదావాయు, 1933లో న్యాయస్థానము వెలుపల రాజీతో ముగిసెను. తీర్పు లేని వ్యాజ్యమున మేము తీర్పు చెప్పము.

1926లో ఆక్స్‌ఫర్డున ఆయన హిందూజీవనదృష్టిని గూర్చి చేసిన ఉపన్యాసములు మరుసటియేడు పుస్తకమయ్యెను. పశ్చిమదేశముల విద్యార్థులలో అనేకులకు హిందూమతపరిచయము చేసిన చిన్నపుస్తకమది. దీనియందు మాకు గౌరవమున్నది, అసంతృప్తియు నున్నది. అద్వైతము సింహాసనమెక్కగా గుడియు, జాతరయు, వ్రతమును వెనుకకు జరిగినవి. వర్ణవ్యవస్థను సమర్థించిన భాగములు నేటి విద్యార్థికి మింగుడుపడవు, పడనక్కరయు లేదు. ఆక్షేపణకు సమాధానముగా పుట్టిన విద్యకు ఈ దోషము సహజము: ఎదుటివాడు వేలుచూపిన చోటనే యది దృష్టినిలుపును.

1931 మొదలు 1936 వరకు ఆంధ్రవిశ్వకళాపరిషత్తునకును, 1939 మొదలు 1948 వరకు కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకును ఆయన ఉపాధ్యక్షుడు. 1936లో ఆక్స్‌ఫర్డున ప్రాచ్యమతముల కొరకును, నీతిశాస్త్రము కొరకును కొత్తగా నెలకొల్పిన పీఠమున మొదట కూర్చుండినవాడును ఆయనయే.

ఆయన తన విద్యార్థిదశనాటి కొరతను తీర్చుటకు పూనుకొనినది మాత్రము 1948లో. ఆ యేట ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యాసంఘమునకు ఆయన అధ్యక్షుడు. 1949 ఆగస్టులో నివేదిక సిద్ధమయ్యెను. అందు పట్టపరీక్ష మూడేండ్లకును మతాధ్యయనక్రమము నిర్దేశింపబడినది. మొదటియేడు బుద్ధుడు, సోక్రటీసు, ఏసు, శంకరుడు, రామానుజుడు, మహమ్మదు, కబీరు, నానకు మున్నగువారి చరిత్రలు. రెండవయేడు లోకమందలి మతగ్రంథములనుండి సర్వజనసమ్మతములైన భాగములు. మూడవయేడు మతతత్త్వమందలి ముఖ్యసమస్యలు. ప్రతిదినము కొన్ని నిమిషముల మౌనధ్యానముతో పని ప్రారంభింపవలెననియు సూచింపబడినది. క్రైస్తవుల బడిలో హిందువుగా చదివిన యాయన, అధికారము చేతికి వచ్చినపుడు హిందూబోధను అందరిపై రుద్దగోరలేదు. హిందూమతమును ఇతరమతముల సరసన పరిశీలనకు నిలిపెను.

1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగముయొక్క 28వ అధికరణము, పూర్తిగా ప్రభుత్వధనముతో నడచు విద్యాలయములలో మతబోధను నిషేధించినది. మతబోధ వేరు, మతములను గూర్చిన అధ్యయనము వేరని నివేదిక చూపిన భేదము మాత్రము కాగితముపైననే నిలిచినది. 1964లో ఏర్పడి 1966లో నివేదిక సమర్పించిన కొఠారీసంఘము మరల నా భేదమునే చెప్పవలసివచ్చెను. అప్పుడు రాష్ట్రపతిపదవిలో నున్నది రాధాకృష్ణపండితుడే. 1967లో పదవీవిరమణ చేసి ఆయన చెన్నపురి చేరెను. అచటనే 1975 ఏప్రిలు 17వ తేదీన గతించెను.